ఆకుపచ్చ చెంప

ఆక్లండ్‌లో రంగు వెయ్యడం తెలిసినవాడు ఒక్కడూ లేడని వీరరాఘవయ్య గట్టి నమ్మకం. ఇళ్ళకు బూడిద రంగు, కంచెలకు నలుపు, ఆఫీసులకు అదేదో పులిసిన మజ్జిగ రంగు. రంగుల దుకాణంలో వేలకొద్దీ చీటీలు వేలాడుతుంటాయి. జనం వచ్చి అన్నీ తిరగేసి, మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుని, చివరికి తెలుపు పట్టుకుపోతారు. మౌంట్ రాస్కిల్‌లోని తమ అద్దె ఇంటి నుంచి శాండ్రింగ్‌హామ్ రోడ్డులో తను పనిచేసే కిరాణా కొట్టుదాకా బస్సులో కూర్చున్న పావుగంటా ఆయన కిటికీలోంచి చూస్తూ ఊరిని తిట్టుకునేవాడు. ఏ ఇంటినీ వదలకుండా, వరసపెట్టి తిట్టేవాడు.

తిట్టే అర్హత ఉన్నవాడే. బెజవాడలో పాతికేళ్ళపాటు సినిమా హోర్డింగులు వేశాడు. చేతిలో అరచేతంత ఫోటో, ఎదురుగా నలభై అడుగుల గుడ్డ. ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు, గుడ్డ మీద సుద్దదారంతో గళ్ళు. ఈ గడిలో ఉన్న ముక్క ఆ గడిలోకి ఎక్కించుకుంటూ పోవడమే. వినడానికి తేలికగా ఉంటుంది. మోకు పట్టుకుని వెదురు పరంజా మీద నిలబడి, ఒక కన్నుగుడ్డు తన తలకాయ కన్నా పెద్దదిగా వేస్తూ, కిందినుంచి చూసేవాడికి ఎలా కనబడుతుందో ఊహించుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

ఆ విద్య ఆయనకు నేర్పింది శ్రీనివాసులు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. ముఖంలో నీడ పడిన చోటల్లా నలుపు పులిమేవాడు చేతకానివాడని ఆయన సిద్ధాంతం. ఆయన హీరో చెంప మీద ఆకుపచ్చ పెట్టేవాడు, మెడ కింద ఊదా, ముక్కు పక్కన నారింజ. దగ్గరికెళ్ళి చూస్తే కూరల బండి బోర్లాపడ్డట్టు ఉండేది. బందరు రోడ్డు అవతలికి పోయి చూస్తే మనిషి ఇప్పుడే నోరు తెరిచి పలకరిస్తాడేమో అనిపించేది. ఆ ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో వీరరాఘవయ్యకు తెలుసు. బొమ్మలు వేసే షెడ్డు గోడకు అన్నం మెతుకులతో అంటించిన ఒక కాగితం ఉండేది, పాత పుస్తకాల బండి మీద దొరికిన ఏదో విదేశీ పత్రికలో పుట. అందులో ఒకావిడ ముఖం, నుదుటి నుంచి గడ్డం దాకా నిలువునా ఆకుపచ్చ పట్టీ. కింద ఇంగ్లీషులో ఉన్న పేరు గుమస్తా చదివి పెట్టాడు. మతీస్ అట, ఫ్రాన్సు దేశమట. శ్రీనివాసులు పొద్దున్నే కుంచెలు నూనెలో ముంచే ముందు ఆ కాగితం వంక చూసి, వీడెవడో మనవాడేరా అని నవ్వుకునేవాడు.

బొమ్మ కింద సంతకం మాత్రం కుసుమ అని ఉండేది. కంపెనీ పేరు కుసుమ ఆర్ట్స్. కుసుమ యజమాని కూతురు. ఆవిడ జన్మలో కుంచె పట్టలేదు, వాకిట్లో ముగ్గు కూడా పనిమనిషే వేసేది. అయినా పాతికేళ్ళపాటు బెజవాడ కూడళ్ళన్నీ ఆవిడ వేసినట్టే లెక్క. శుక్రవారం వస్తే పాత బొమ్మ మీద తెల్లరంగు, దాని మీద కొత్త బొమ్మ. ఆ తరవాత ఫ్లెక్సీ మిషన్లు దిగాయి. రెండేళ్ళలో షెడ్డు మూతపడింది. గుడ్డలు కొన్ని లారీల మీద పట్టాలయ్యాయి, కొన్ని గుడిసెల కప్పులయ్యాయి. 2001లో శ్రీనివాసులు పోయాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఆయన వేసిన వేల బొమ్మల్లో ఈవేళ ఒక్కటి లేదు, కనీసం ఫోటో లేదు, పేరు రాసిన అట్టముక్క లేదు. మిగిలింది వీరరాఘవయ్య కుడిచెయ్యి ఒక్కటే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఆ చెయ్యి చూసి గురువును తలుచుకునేవాడు.

న్యూజిలాండ్‌కు ఆయన తనంతట తాను రాలేదు. భార్య రమామణి నర్సు. వృద్ధుల హోములో ఉద్యోగం దొరికి 2005లో ఆవిడ ముందు వచ్చింది, ఏడేళ్ళ కూతురు ప్రణీతను వెంటబెట్టుకుని ఆయన వెనకాల వచ్చాడు. వచ్చి తొమ్మిదేళ్ళపాటు కిరాణా కొట్లో బియ్యం బస్తాలు మోశాడు, మునక్కాడలు వచ్చాయనీ గోంగూర వచ్చిందనీ పలకల మీద రాశాడు. కొట్టు యజమాని ధీరేంద్ర ఫిజీ నుంచి వచ్చినవాడు. కుర్రకారు కొట్టు పక్కగోడ మీద రాత్రికి రాత్రి పిచ్చిగీతలు గీసిపోతుంటే విసిగిపోయి, ఏదో ఒకటి వెయ్యమని వీరరాఘవయ్యకు నిచ్చెన ఇచ్చాడు. ఆయన కూరల బుట్ట పట్టుకున్న ఒక ఆడమనిషిని గోడంతా వేశాడు, ఆకుపచ్చ చెంపతో, ఊదా మెడతో. ఆ రోజు నుంచి గోడ మీద ఒక్క గీత పడలేదు. ఎదురు కాఫీ కొట్లో కూర్చునే పెద్దమనిషి మాత్రం రంగులు కళ్ళల్లో పొడుస్తున్నాయని కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశాడు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని వీరరాఘవయ్య ఆయనకు వినబడేలాగే తెలుగులో అన్నాడు.

ఆ గోడను బస్సులోంచి చూసింది షాలీన్. మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక చిన్న గ్యాలరీలో ప్రదర్శనలు ఏర్పాటు చేసే ఉద్యోగం ఆవిడది. ఫిజీ పిల్ల. నాలుగు తరాల కిందట విశాఖ నుంచి చెరుకు తోటల్లోకి పోయిన కుటుంబం. తెలుగులో ఆవిడకు మిగిలినవి తాత, అమ్మ, పప్పు, ఈ మూడు మాటలే. యూరప్ చిత్రకళ మీద రెండు పట్టాలు ఉన్నాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత ఎవరిని చూసి పుట్టిందో గానీ, వీరరాఘవయ్య లెక్కలో అది ఈ పిల్ల కోసమే అన్ని శతాబ్దాలు కాచుక్కూర్చుంది. అయితే ఆ లెక్క తేలింది తరవాత. మొదట్లో ఆవిడ దేవతలా కనబడింది. యూరప్‌లో ఆధునిక చిత్రకారులు ఒకరి నుంచి ఒకరు ఏమేం నేర్చుకున్నారో, అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూపించే ప్రదర్శన పెడుతున్నామనీ, అందులో చివరి గది మీదేననీ, మూడు పెద్ద బొమ్మలు కావాలనీ ఇంటికొచ్చి అడిగింది. రమామణి ఆవిడకు పెసరట్లు వేసి పెట్టింది. హోములో తోటి నర్సులు నీ భర్త ఏం చేస్తారని అడిగితే తొమ్మిదేళ్ళుగా మాట తప్పించే రమామణి, మర్నాడు డ్యూటీకి వెళ్ళి ఎవరూ అడక్కుండానే చెప్పింది.

నాలుగు నెలలు ఆయన గ్యారేజీలోనే ఉన్నాడు. మూడు ముఖాలు, ఒక్కొక్కటి ఎనిమిది అడుగులు. ప్రదర్శనకు వారం ముందు, బొమ్మలు బిగించాక, ప్రణీతను తోడు తీసుకుని చూడటానికి వెళ్ళాడు. పెద్ద గది గోడ పొడుగునా వంశవృక్షం లాంటి పటం వేసి ఉంది. గళ్ళలో చిత్రకారుల పేర్లు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఒకరి నుంచి ఒకరికి బాణాలు. కింద చిన్న అక్షరాల్లో వివరాలు. ప్రణీత చదువుతూ పోయింది, ఆయన వింటూ పోయాడు. సెజాన్ అనే పెద్దాయన దగ్గరి నుంచి బాణాలు మతీస్‌కూ, పికాసోకూ, బ్రాక్‌కూ వచ్చాయి. ఆ మతీస్ చేతిలో డబ్బు ఆడని వయసులో సెజాన్ వేసిన చిన్న బొమ్మ ఒకటి కొనుక్కుని ముప్పైయేడేళ్ళు ఇంట్లో పెట్టుకున్నాడట. పికాసో, బ్రాక్ ఎంత కలిసి పనిచేశారంటే కొన్నాళ్ళు బొమ్మ ముందువైపు సంతకమే పెట్టలేదట. వాళ్ళకు కుసుమ లేదు కాబట్టి సరిపోయిందని వీరరాఘవయ్య గొణిగాడు. వాన్ గో సంగతికొచ్చేసరికి ఆయన ప్రణీతను ఆపి మళ్ళీ చదవమన్నాడు. జపాను వాళ్ళ అచ్చు బొమ్మ మీద గళ్ళు గీసి, పెద్దది చేసి, నూనె రంగుల్లో వేసుకున్నాడట ఆ మహానుభావుడు.

గళ్ళు కొట్టాడా అని ఆయన అడిగాడు. అవును నాన్నా, స్క్వేర్స్ అంది ప్రణీత. ఆయనకు ఒళ్ళు పులకరించింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు, అందరూ తెచ్చుకున్నవాళ్ళే, తిన్నవాళ్ళే, తేన్చినవాళ్ళే. ఆ గోడ మీద ఎవరూ దాన్ని దొంగతనం అనలేదు, కాపీ అనలేదు. ప్రభావం అన్నారు, బాణం వేశారు. న్యూజిలాండ్ అడవుల కౌరీ చెట్లను ముక్కలు ముక్కలుగా చూడటం ఆ పికాసో, బ్రాక్‌ల నుంచి నేర్చుకున్న ఇక్కడి చిత్రకారుడికి కూడా సముద్రం దాటించి మరీ ఒక బాణం వేశారు. అయితే చివరి గదిలో మా గురువు బాణం ఉంటుందన్నమాట అనుకుంటూ ఆయన చొక్కా సర్దుకుని లోపలికి నడిచాడు.

లోపల బాణం లేదు. గది పేరు చదువుకోని కన్ను అని పెట్టారు. పక్కన అంటించిన కాగితంలో, ఏ గురువూ లేకుండా, ఏ ప్రభావమూ సోకకుండా, తనంతట తానే నేర్చుకున్న అమాయక ప్రతిభ అని రాశారు. ప్రణీత అమాయక అన్న మాట దగ్గర తడబడింది. ఆయన చెప్పించుకుని మరీ విన్నాడు. అరవైకి ఏడాది తక్కువ మనిషి అమాయకుడట. ఎవరిదీ సోకనివాడట, అదేదో మశూచి అయినట్టు.

షాలీన్ వచ్చింది. మా గురువుగారు శ్రీనివాసులు, ఆ కాగితం మార్చాలి అని ఆయన ప్రణీత చేత చెప్పించాడు. ఆవిడ మర్యాదగానే విన్నది. వ్యాపార ప్రకటనల షెడ్డులో కొన్నాళ్ళు పని చేశారని ఒక ముక్క చేర్చవచ్చంది. పాతికేళ్ళు కొన్నాళ్ళా అని ఆయన అడిగాడు. తరవాత, ఆవిడకు అర్థమయ్యేలా చెబితే సంతోషిస్తుందనుకుని, గోడకు అంటించిన కాగితం కథంతా చెప్పాడు. ఆకుపచ్చ పట్టీ మతీస్ దగ్గరిది, మా గురువు పట్టుకున్నాడు, ఆయన దగ్గర నేను పట్టుకున్నాను, ఇదుగో ఈ చెంప చూడమ్మా అన్నాడు. షాలీన్ ముఖం వాడిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని బతిమాలింది. మతీస్‌ను చూసి వేశారంటే ఇది కాపీ అయిపోతుందనీ, మీ గొప్పతనమంతా ఎవరినీ చూడకపోవడంలోనే ఉందనీ, ప్రదర్శన పుస్తకం కూడా అలాగే అచ్చయిపోయిందనీ అంది.

"వాళ్ళు చూసి వేస్తే బాణం వేశావు," అన్నాడు వీరరాఘవయ్య, పెద్ద గది వైపు చెయ్యి చూపిస్తూ. "మేం చూసి వేస్తే కాపీనా? వాళ్ళకు తాతముత్తాతలుండాలి, మేం మాత్రం పుట్టగొడుగుల్లా మొలవాలా?"

ఎప్పుడూ నాన్న మాటలను పంచదార అద్ది ఇంగ్లీషులోకి మార్చే ప్రణీత ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. షాలీన్ సారీ అంది, కానీ కాగితం మార్చలేదు.

గురువుకే పంగనామాలు పెట్టమంటున్నారని ఆయన ఇంటికొచ్చి కేకలు వేశాడు. బొమ్మలు వెనక్కి తెచ్చేస్తానన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు తనది అన్నాడు. అందరినీ తిట్టాడు, ఆ గ్యాలరీని, దానికి డబ్బులిచ్చే కౌన్సిల్‌ను, బ్రాక్‌ను కూడా. పాపం బ్రాక్ ఏం చేశాడని. రమామణి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ అంతా విన్నది. ఆవిడ తోటివాళ్ళందరినీ ప్రదర్శనకు పిలిచేసి ఉంది. అయినా ఆ మాట ఎత్తలేదు.

"ఏవండీ, మీరు బొమ్మలు తెచ్చేసుకుంటే మీ పేరు పోతుంది, అంతే కదా," అంది. "మరి ఆయన పేరు ఎక్కడుంటుంది? గ్యారేజీలోనా?"

ఆయన మర్నాడు పొద్దున ప్రణీతను పిలిచి, శ్రీనివాసులు, విజయవాడ అని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. రాసి ఇచ్చింది.

బుధవారం పదకొండు గంటలకు ఆయన గ్యాలరీకి వెళ్ళి, బొమ్మల మీద కొంచెం మెరుగులు దిద్దాలన్నాడు. అక్కడున్న కాపలా మనిషి నిచ్చెన కూడా తెచ్చిచ్చి, నేల తుడిచే మిషను వేసుకుని అటు పోయాడు. వీరరాఘవయ్య చిన్న గదిలోకి వెళ్ళలేదు. పటం ముందు నిచ్చెన వేశాడు. మతీస్ గడి కింద జానెడు ఖాళీ ఉంది. అంటించిన అక్షరాల లావు బొటనవేలితో కొలుచుకున్నాడు, వాటి మధ్య ఎడం చూసుకున్నాడు, మెరుపు లేని నలుపు కలుపుకున్నాడు. ముందు గడి, తరవాత మతీస్ నుంచి ఒక బాణం, గడిలో గురువు పేరు. నలభై అడుగుల గుడ్డలు నింపిన చేతికి అదొక లెక్క కాదు. ఏళ్ళ దగ్గర మాత్రం ఆగాడు. పుట్టిన ఏడు శ్రీనివాసులుకే తెలియదు. అందుకని ముందు ఖాళీ వదిలి, గీత పెట్టి, 2001 అని రాశాడు. అక్కణ్ణుంచి ఇంకొక బాణం తీసి, కుడివైపుకు నడిపించి, చిన్న గది గుమ్మం మీదికి వదిలాడు. అంతా ముప్పావుగంట పని. కాపలా మనిషి తిరిగొచ్చి చూసి, బాగుంది అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ప్రదర్శన మొదలైంది. పెద్దలు మాట్లాడారు. ఒక ప్రొఫెసరు పటం ముందు నిలబడి, వేళ్ళమధ్య వైన్ గ్లాసు తిప్పుతూ, విజయవాడలో మంచి ఆధునిక చిత్రకారుల బృందం ఉండేదని పక్కావిడకు చెప్పాడు. తను అక్కడికి వెళ్ళానని కూడా అన్నాడేమో, ప్రణీత సరిగా వినలేదు. పత్రికలో ఒకాయన ఆ పటం పరిశోధనకు ప్రమాణమని రాశాడు. షాలీన్ టీ కప్పు పట్టుకుని రోజుకు నలభైసార్లు దాని ముందునుంచే పోయేది. రెండు పట్టాలు. చూడటం నేర్పడానికి కట్టిన ఇంట్లో చూసే కన్ను ఒక్కటి లేదు. రమామణి వెంట వచ్చిన నర్సుల్లో ఒకావిడ మాత్రం ఆ గడి దగ్గర ఆగి, ఈయన పుట్టిన ఏడు వెయ్యడం మరిచారే అంది. అంతకు మించి ఎవరికీ ఏమీ తోచలేదు.

వీరరాఘవయ్యకు నవ్వొచ్చింది, కానీ కడుపు నిండలేదు. బాణం వచ్చి గుమ్మంలో దూరుతుంది, లోపల గోడ మీద కాగితం గురువే లేడంటుంది. సెలవు రోజైన గురువారం ఆయన బస్సెక్కి వచ్చి ఆ గదిలో బల్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా ఆ రెండు గోడలూ కలిపి చదువుతారేమోనని ఎదురుచూసేవాడు. చదివేవాళ్ళు కాదు. ఒక్కో గది ముందు అర నిమిషం, ఒక ఫోటో, తరవాత కాఫీ.

ఏడో గురువారం బడిపిల్లలు వచ్చారు, ఇరవై మందికి పైనే. షాలీన్ వాళ్ళకు పటం చూపిస్తూ, గుక్కతిప్పుకోకుండా బాణాల వెంట నడిపిస్తూ, మతీస్ నుంచి ఎవరెవరికి పోయాయో చెబుతూ శ్రీనివాసులు పేరు కూడా చదివేసింది, ముక్కలు ముక్కలుగా విరిచి, అయినా తన థీసిస్‌లో రాసినంత ధీమాగా. తరవాత వాళ్ళను చిన్న గదిలోకి తెచ్చి కాగితం చదివింది. రెండు జడల మావోరీ పిల్ల ఒకతి చెయ్యెత్తింది. బాణం ఈ గదిలోకే వచ్చింది కదా మిస్, మరి ఈయనకు ఎవరూ నేర్పలేదని రాశారేమిటి, రెండిట్లో ఏది తప్పు అని అడిగింది.

షాలీన్ నవ్వబోయి ఆగిపోయింది. గుమ్మం దాటి పెద్ద గదిలోకి వెనక్కి వెళ్ళింది. మునివేళ్ళ మీద లేచి శ్రీనివాసులు గడిని వేలితో రుద్ది చూసింది. పక్కవి అంటించిన అక్షరాలు, ఇది కుంచె రంగు. వీరరాఘవయ్య బల్ల మీదనుంచి లేవలేదు. పోలీసులను పిలుస్తుందనుకున్నాడు, పిలిస్తే పిలవనీ అనుకున్నాడు. ఈ వయసులో జైలుకు పోయినా గురువు పేరు మీద పోవడం పరువు తక్కువేమీ కాదనుకున్నాడు. ఆవిడ లోపలికి వచ్చింది. ఆయన వంక చూడలేదు. కాగితం మూల గోటితో లేపి, కిందిదాకా లాగేసి, నలిపి గుప్పిట్లో పట్టుకుంది. అప్పుడు ఆయన వైపు తిరిగి, ఆ పేరు ఎలా పలకాలని ఇంగ్లీషులో అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ పలికింది. రెండుసార్లు తప్పిపోయింది, మూడోసారి వచ్చింది.

"గారు అనమ్మా," అన్నాడు వీరరాఘవయ్య. "నీకు తాత వరస."

తాత అన్న మాట ఆవిడకు ఒకరు తర్జుమా చెయ్యనక్కరలేదు. పిల్లల వైపు తిరిగి, ఈ బొమ్మలు వేసినాయనకు గురువు ఉన్నారనీ, ఆయన పేరు శ్రీనివాసులు గారనీ చెప్పింది. పిల్లలు నోట్సుల్లో రాసుకున్నారు.